వైద్యవిద్యలో శాఖల పొత్తు

కురవి నుండి మానుకోటకు పది పన్నెండు కిలోమీటర్ల దూరం. బస్సు ఎక్కితే అరగంటలో చేరవచ్చును. కాని కురవి వంటి మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ, మానుకోటలోని వైద్య కళాశాలకూ నడుమ ఉన్న దూరం కిలోమీటర్లతో కొలిచేది కాదు. ఒకటి ప్రజారోగ్య శాఖది. మరొకటి వైద్యవిద్యా శాఖది. ఆ రెంటి నడుమ మానుకోట పెద్దాసుపత్రి ఉన్నది. కళాశాల వచ్చే వరకు అది ఈ రెండు శాఖలలో దేనికీ చెందక, వైద్య విధాన పరిషత్తు అనే మూడవ సంస్థ ఏలుబడిలో ఉండినది. రోగికి ఈ భేదాలు తెలియవు. తెలియవలసిన పనీ లేదు. వైద్య విద్యార్థికి మాత్రం ఇవి చదువును మూడు ముక్కలు చేసే గట్లు. ఈ గట్ల సంగతినే ఇప్పుడు మనవి చేయదలచినాను.

ముందుగా కళాశాలల లెక్క. 1959లో వరంగల్లున కాకతీయ వైద్య కళాశాల వెలసినది. ఆపైన ఆరు దశాబ్దాలు దాటినా పాత వరంగల్లు జిల్లాకంతటికీ అదొక్కటే ప్రభుత్వ వైద్య కళాశాలగా ఉండినది. 2022 నవంబరు 15న మానుకోట కళాశాలతో కలిపి రాష్ట్రంలో ఎనిమిది కళాశాలలు ఒకే దినాన ప్రారంభమైనవి. ఏడాది తిరుగకముందే, 2023 సెప్టెంబరు 15న, మరి తొమ్మిది వచ్చినవి. జనగామ, భూపాలపల్లి కళాశాలలు వానిలోనివే. 2024లో ములుగు, నర్సంపేట చేరినవి. పాత జిల్లా ఒక్కదానిలోనే ఇప్పుడు ఆరు ప్రభుత్వ వైద్య కళాశాలలన్నమాట. 2014లో రాష్ట్రం ఏర్పడిన నాడు తెలంగాణ మొత్తం మీద అయిదే ఉండగా, పదేండ్లలో ఆ సంఖ్య 34 అయినది. వైద్యవిద్య ఇంత త్వరగా జిల్లాలకు పాకడం సామాన్య విషయం కాదు. పూర్వం మానుకోట పిల్లవానికి డాక్టరీ చదువు అంటే వరంగల్లో, హైదరాబాదో. నేడు అది ఇంటి ముంగిటికి వచ్చినది. సంతోషింపదగిన మాటే. అయితే భవనం కట్టడం ఒక శాఖ పని, నిధులుంటే అవుతుంది. చదువు కుదురుకోవడం ఏ ఒక్క శాఖ వల్లనూ అయ్యేది కాదు.

ఏమి కారణం? ఇతర విద్యలలో పాఠం పుస్తకంలోనో, ప్రయోగశాలలోనో ఉంటుంది. వైద్యవిద్యలో పాఠం మనిషి. ఆ మనిషి కళాశాల ఆవరణలో పుట్టి పెరిగిన వాడు కాడు. ఎక్కడి నుండియో, ఎందరి చేతుల మీదుగానో వస్తాడు. ఒక ఉదాహరణ చెప్పుకొందాము. కురవి మండలంలో ఒక తండాలో ఒక గర్భవతి ఉన్నదనుకొందాము. ఆమె పేరు మొదట ఆశా కార్యకర్త వ్రాసుకొంటుంది. అంగన్‌వాడీ టీచరు మరొక పుస్తకంలో వ్రాసుకొని గ్రుడ్లు, పాలు ఇస్తుంది. ఆమె స్త్రీ శిశు సంక్షేమ శాఖ మనిషి. ఉపకేంద్రంలోని నర్సమ్మ రక్తపరీక్ష చేసి ఇంకొక పుస్తకంలో ఎక్కిస్తుంది. రక్తం తక్కువగా ఉన్నదని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపుతారు. అక్కడి డాక్టరు మానుకోటకు పంపుతాడు. నొప్పులు వచ్చిన రాత్రి 108 బండి వస్తుంది. మానుకోటలో ఇబ్బంది అయితే అరువది కిలోమీటర్లకు పైబడిన దూరాన ఉన్న వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రికి దారి. ఈ ప్రయాణంలో ఆమె మారలేదు. పుస్తకాలు మారినవి, శాఖలు మారినవి.

ఇప్పుడు మానుకోట కళాశాలలోని విద్యార్థిని తలచుకొనండి. అతనికి ఆ గర్భవతి ఎక్కడ కనబడుతుంది? ప్రసవపు మంచం మీద. అంతకుముందు ఎనిమిది నెలలు ఏమి తిన్నది, ఐరన్ మాత్రలు ఇంటికి చేరి కూడా ఎందుకు మ్రింగలేదు, రక్తం తక్కువ అని మొదట తెలిసిన నాటికీ ఆసుపత్రికి వచ్చిన నాటికీ నడుమ అన్ని వారాలు ఎట్లా గడచినవి అనే కథ అతనికి అందదు. ఆ కథ ఇతర శాఖల పుస్తకాలలో ఉన్నది. రక్తహీనతకు చికిత్స అతడు నేర్చుకొంటాడు, రక్తహీనత ఎట్లా ఏర్పడుతుందో మాత్రం చూడలేడు. రేపు అతడే ఒక ఆరోగ్య కేంద్రానికి డాక్టరై వెళ్ళినప్పుడు, తాను చదువుకొన్న దానికీ అక్కడ చేయవలసిన దానికీ పొంతన కుదరదు. పల్లెలలో డాక్టర్లు నిలువరు అని మనం తరచుగా నిందిస్తాము. ఆ నిందలో కొంత న్యాయమున్నది కాని, పల్లెను వారికి మనం ఎప్పుడు నేర్పినామని కూడా అడగవలసి ఉన్నది.

ఈ గట్లు అనాదిగా ఉన్నవి కావు. హైదరాబాదులో 1846లో వైద్య పాఠశాల మొదలైనప్పుడు దానిని బ్రిటిష్ రెసిడెన్సీ సర్జను మెక్లీన్ దొర నడిపినాడు. బోధన ఉర్దూలో జరిగినది. చదివిన వారు నిజాం సర్కారు కొలువులలో వైద్యులుగా చేరినారు. ఆ శతాబ్ది చివరి పాదంలో ఎడ్వర్డ్ లారీ అనే సర్జను రెసిడెన్సీ వైద్యుడుగాను, పాఠశాల పెద్దగాను ఉంటూనే ఆసుపత్రి పనిని కూడా చూచినాడు. క్లోరోఫారం వలన కలిగే ప్రమాదమును గూర్చి లోకప్రసిద్ధమైన హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ల పరిశోధన 1888, 1889 సంవత్సరాలలో జరిగినది ఆయన ఆధ్వర్యంలోనే. ఆయన నిర్ణయాలను తరువాతి శాస్త్రజ్ఞులు పూర్తిగా అంగీకరించలేదు. అది వేరు సంగతి. బోధన, చికిత్స, పరిశోధన, కొలువు అన్నీ ఒకే చేతిలో ఉండిన కాలమది. ఆ చిన్న రాజ్యానికి అది చెల్లినది. నేటి విస్తృతికి ఒకే చేయి చాలదు. పని పెరిగినకొద్దీ శాఖలు వేరుపడడం సహజం. 1986 నాటి చట్టంతో వైద్య విధాన పరిషత్తు ఏర్పడడం కూడా జిల్లా, తాలూకా ఆసుపత్రుల మీద ప్రత్యేక శ్రద్ధ కోసమే. కనుక శాఖలు వేరైనందుకు కాదు విచారం. వేరైన తరువాత పొత్తు కుదుర్చుకొననందుకు.

రాజ్యాంగంలో కూడా ఈ విభజన ఉన్నది. ప్రజారోగ్యము, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలోని 6వ అంశం. వైద్యవిద్య మాత్రం ఉమ్మడి జాబితాలోని 25వ అంశంలో ఉన్నది. 1976లో చేసిన 42వ సవరణ దానిని అక్కడికి చేర్చినది. అనగా ఆసుపత్రి మంచం రాష్ట్రానిది. ఆ మంచం ప్రక్కన నిలబడి చెప్పే పాఠానికి ప్రమాణాలు నిర్ణయించేది ఢిల్లీలోని జాతీయ వైద్య కమిషన్. 2019 చట్టం ప్రకారం ఏర్పడిన ఆ కమిషన్, పూర్వపు మెడికల్ కౌన్సిల్ స్థానంలో 2020 సెప్టెంబరు నుండి పని చేస్తున్నది. పొత్తు కుదరవలసినది ఒక ఊరిలోని రెండు కార్యాలయాల నడుమనే కాదు, ఢిల్లీకీ హైదరాబాదుకూ నడుమ, హైదరాబాదుకూ మానుకోటకూ నడుమ కూడా.

ఈ సత్యం పెద్దలకు తెలియక కాదు. రెండవ ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులలోనే ఇంగ్లండులో వైద్య పాఠశాలల సంగతి విచారించడానికి గుడ్‌ఇనఫ్ అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసినారు. దానికి పెట్టిన పేరే శాఖాంతర సంఘం. 1944లో అది ఇచ్చిన నివేదిక విశ్వవిద్యాలయాలు, బోధనాసుపత్రులు, ప్రభుత్వం ముగ్గురూ కలిసి నడవవలసిన బాట గీచినది; స్త్రీలకు ప్రవేశం ఇవ్వని పాఠశాలలకు సర్కారు సొమ్ము ఇవ్వరాదని కూడా చెప్పినది. సుమారుగా అదే కాలంలో, 1943లో, మన దేశంలో భోర్ కమిటీ ఏర్పడి 1946లో నివేదిక సమర్పించినది. వైద్యుడు రోగానికి మందు ఇచ్చేవాడుగా మాత్రమే కాక సమాజానికి ఆరోగ్యం కాపాడేవాడుగా తయారు కావలెనని, విద్యార్థి కొన్ని నెలలు రోగ నివారణ శాస్త్రాన్ని ప్రజల నడుమనే నేర్వవలెనని ఆ నివేదిక కోరినది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అనే భావన మనకు వచ్చినది కూడా అందులో నుండియే. 1975లో శ్రీవాస్తవ సంఘం మరల ఇదే చెప్పినది.

దాని మీదట 1977లో కేంద్ర ప్రభుత్వం ఒక పథకం తెచ్చినది. ప్రతి వైద్య కళాశాల మూడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను తన బోధనలో కలుపుకొనవలెను. అధ్యాపకులూ విద్యార్థులూ పల్లెలకు వెళ్ళడానికి ఒక్కొక్క కళాశాలకు మూడు సంచార వైద్యశాలలు, అంటే పెద్ద మోటారు బండ్లు, ఇచ్చినారు. ఆలోచన ఉన్నతమైనది. ఫలితం అట్లా లేకపోయినది. ఆ బండ్లు భారీవి. చాలా చోట్ల పల్లె బాటలకు అవి ఇమడలేదు. అంతకు మించిన చిక్కు, బండి కళాశాలది, అది చేరవలసిన ఆరోగ్య కేంద్రం వేరొక శాఖది. కేంద్రంలోని డాక్టరుకు కళాశాల ప్రిన్సిపాలు పై అధికారి కాడు. విద్యార్థులు వచ్చినందువలన ఆ డాక్టరుకు పని పెరిగినదే గాని, పేరు గాని ప్రతిఫలం గాని పెరగలేదు. అధ్యాపకునికి పల్లెకు పోయి వచ్చిన దినం ఆసుపత్రిలో పని ఆగిన దినం. ఎవరికీ లాభం కనబడని ఉమ్మడి వ్యవహారం ఎంత కాలం సాగుతుంది? క్రమంగా బండ్లు షెడ్లకు చేరినవి. ఈ పథకం చరిత్రను నేటి కొత్త కళాశాలల పాలకులు శ్రద్ధగా చదవవలెనని నా మనవి. పల్లెకు పోవడం ఇష్టం లేక అది చెడలేదు. రెండు శాఖల నడుమ వ్రాతపూర్వకమైన ఒడంబడిక లేక చెడినది.

ఇక నేటి మాటకు వస్తాను. మానుకోట, జనగామ, భూపాలపల్లి కళాశాలలు కొత్తగా ఆసుపత్రులు కట్టుకొని మొదలుకాలేదు. అప్పటికే నడుస్తున్న ఆసుపత్రులను బోధనాసుపత్రులుగా మార్చి మొదలైనవి. పరిషత్తు చేతిలోని ఆసుపత్రి వైద్యవిద్యా సంచాలకుని చేతికి వచ్చినది. కాగితం మీద ఇది ఒక ఉత్తరువు. మనుషుల మీద దాని ప్రభావం వేరు. ఆ ఆసుపత్రిలో పదిహేనేండ్లుగా కాన్పులు చేస్తూ వచ్చిన ఒక స్త్రీ వైద్య నిపుణురాలు ఉన్నదనుకొనండి. చేయి తిరిగిన మనిషి. ఆమెకు ఆ ప్రాంతపు స్త్రీల శరీరతత్వము, భయాలు, ఆచారాలు అన్నీ తెలుసు. కళాశాల వచ్చిన మర్నాడు ఆమె బోధనేతర వైద్యురాలు. పాఠం చెప్పడానికి పట్టణం నుండి బదిలీ మీద వచ్చిన అసిస్టెంటు ప్రొఫెసరుకు అర్హత ఉన్నది, ఆమెకు లేదు. ఇద్దరిదీ ఒకే వార్డు, ఒకే రోగి. వేతన శ్రేణి వేరు, సీనియారిటీ జాబితా వేరు, ప్రమోషను దారి వేరు. ఇటువంటి చోట సామరస్యం ఆశించడం కష్టం. అధ్యాపకులు చాలలేదని కళాశాల మొర పెట్టుకొంటూ ఉంటే, చెప్పగలిగిన వారు అదే కప్పు క్రింద ఊరకే నిలబడి ఉండడం చూచే వారికి విచిత్రంగా తోస్తుంది.

అధ్యాపకుల కొరత కల్పితం కాదు. 2025లో జాతీయ వైద్య కమిషన్ మన రాష్ట్రంలోని పలు ప్రభుత్వ కళాశాలలకు లోపాలు ఎత్తి చూపుతూ నోటీసులు పంపినది. అదే సంవత్సరం జూలైలో కమిషన్ అధ్యాపకుల అర్హతలను గూర్చి కొత్త నియమాలు వెలువరించినది. 220 పడకలకు తగ్గని ప్రభుత్వ ఆసుపత్రిలో పోస్టుగ్రాడ్యుయేటు పట్టాతో రెండేండ్లు పని చేసిన నిపుణులు అసిస్టెంటు ప్రొఫెసరు పదవికి, పదేండ్లు పని చేసినవారు అసోసియేటు ప్రొఫెసరు పదవికి అర్హులు కావచ్చునని వానిలో ఉన్నది. పరిశోధనా పద్ధతులను గూర్చిన ప్రాథమిక శిక్షణ వంటి షరతులు కొన్ని ఉన్నవి. దీనివలన బోధన పలుచబడుతుందని కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పినారు. ఆ భయం నిరాధారమని అనను. రోగం కుదిర్చే నేర్పు, దానిని మరొకరికి నేర్పే నేర్పు ఒకటి కావు. అయినా నా అభిప్రాయంలో ఈ తలుపు తెరచినది మంచికే. పదిహేనేండ్ల అనుభవం గల వైద్యురాలికి బోధనాపద్ధతులు కొన్ని నెలలలో నేర్పవచ్చును. బోధనాపద్ధతులు తెలిసిన యువకునికి పదిహేనేండ్ల అనుభవం కొన్ని నెలలలో ఇవ్వలేము.

అయితే ఢిల్లీ నియమం తలుపు మాత్రమే తెరచినది. లోపలికి నడిపించవలసినది రాష్ట్రం. ఆరోగ్య సేవలలోని నిపుణుడు బోధనా శాఖలోకి వస్తే అతని వెనుకటి సర్వీసు లెక్కకు వస్తుందా? సీనియారిటీలో ఎక్కడ నిలబెడతారు? అప్పటికే ఉన్న అధ్యాపకుల ప్రమోషన్లకు అడ్డు కాకుండా ఎట్లా చూస్తారు? ఆర్థిక శాఖ అంగీకారం కావలెను. సాధారణ పరిపాలన శాఖ నియమాలు సవరించవలెను. రెండు వైపుల ఉద్యోగ సంఘాలను కూర్చోబెట్టవలెను. వైద్యవిద్యా విధానం అని మనం గొప్పగా చెప్పుకొనే దానిలో సగం ఈ సర్వీసు నిబంధనలలోనే దాగి ఉన్నది. ఇవి తేలనంత వరకు ఎంత ఉదారమైన నియమమైనా గెజెట్టులో నిద్రపోతుంది.

మరొక సంగతి. 2022 నుండి వైద్య విద్యార్థి మొదటి సంవత్సరంలోనే కొన్ని పల్లె కుటుంబాలను, మూడు మొదలు అయిదు వరకు, దత్తత తీసుకొని చదువు సాగినన్నాళ్ళు వారి ఆరోగ్యం కనిపెట్టి ఉండవలెనని కమిషన్ నిర్దేశించినది. 1977 నాటి ఆలోచనకు ఇది మనుమరాలు. మానుకోట వంటి చోట దీనికి ఉన్న అవకాశం మహానగరపు కళాశాలకు లేదు. ఊరు దాటితే తండా, తండా దాటితే కోయగూడెం. అయితే ఈ విద్యార్థి ఇంటి గడప తొక్కడానికి ఎవరి అనుమతి, ఎవరి పరిచయం కావలెను? సర్పంచి, పంచాయతీ కార్యదర్శి తోడు లేనిదే ఇరువది యేండ్ల అపరిచితుడు ఒక ఇంటిలోకి పోయి మీ ఇంట షుగరు ఎవరికున్నదని అడగడం మర్యాద కాదు. అంగన్‌వాడీ టీచరు తన పుస్తకం చూపవలెను. ఆశా కార్యకర్త వెంట నడవవలెను. బస్సు వేళలు కుదరవలెను. తండాలో ముసలమ్మలకు లంబాడీ మాటే హృదయానికి తాకుతుంది, కోయగూడెంలో కోయమాట. పట్టణపు విద్యార్థికి ఆ రెండూ రావు. గిరిజన సంక్షేమ శాఖలో ఆ భాషలు తెలిసిన ఉపాధ్యాయులు ఉన్నారు. వారిలో ఒకరు నెలకు రెండు గంటలు కళాశాలకు వచ్చి నూరు మాటలు నేర్పితే చాలును. ఖర్చు ఏ పాటి? అయినను ఒక శాఖ ఉపాధ్యాయుడు మరొక శాఖ కళాశాలలో పాఠం చెప్పడానికి మన పద్ధతులలో ఎన్ని సంతకాలు కావలసి వస్తుందో శ్రోతలలో ఉద్యోగులైన వారికి చెప్పనక్కరలేదు.

శాఖల పొత్తు చదువుకు ఎంత మేలు చేయగలదో సికిల్ సెల్ వ్యాధి చక్కగా చూపుతుంది. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి వంకరపోయి, సన్నని రక్తనాళాలలో చిక్కుకొని, దుస్సహమైన నొప్పులు తెచ్చే వంశపారంపర్య వ్యాధి ఇది. మధ్య భారతపు గిరిజన ప్రాంతాలలో అధికం. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఆ లక్షణం లోపల ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు వ్యాధి భయం. 2023 జూలై 1న ఆరంభమైన జాతీయ కార్యక్రమం నలుబదేండ్ల లోపు వారిని ఏడు కోట్ల మందిని పరీక్షించవలెనని సంకల్పించినది. తెలంగాణ అందులో ఉన్నది. పిల్లలు ఎక్కడ దొరుకుతారు? ఆశ్రమ పాఠశాలలలో; అవి గిరిజన సంక్షేమ శాఖవి. రక్తపు చుక్క తీసేవారు ఎవరు? ఆరోగ్య కేంద్రపు సిబ్బంది. ఖచ్చితమైన నిర్ధారణ పరీక్షకు కావలసిన యంత్రమూ, నిపుణుడూ ఎక్కడ ఉండగలరు? కళాశాల పాథాలజీ విభాగంలో. ఫలితం తెలిసిన తరువాత ఆ కుటుంబానికి నచ్చజెప్పేవారు ఎవరు? ఊరిలోని ఆశా, దత్తత తీసుకొన్న విద్యార్థి. నాలుగు శాఖలు ఒకే త్రాటి మీదికి వస్తే ఆ విద్యార్థి ఒక వ్యాధిని జన్యుశాస్త్రం మొదలు పెండ్లి సంబంధాల దాకా సమగ్రంగా నేర్చుకొంటాడు. అట్లా రాకపోతే పరీక్ష పత్రంలో పది మార్కుల ప్రశ్నగా వల్లె వేస్తాడు.

ఇదంతా జరిగే పనేనా అని సందేహించే వారికి కురవి జాతర గుర్తు చేస్తాను. మహాశివరాత్రి వేళ వీరభద్రస్వామి ఉత్సవాలకు వేల జనం వస్తారు. దేవాదాయ శాఖ, పోలీసులు, ఆర్టీసీ, విద్యుత్తు వారు, పంచాయతీ, వైద్య సిబ్బంది అందరూ ఆ కొన్ని దినాలు కలిసి పని చేస్తారు. నీళ్ళ ట్యాంకరు ఎవరిది, వైద్య శిబిరం ఎక్కడ, బస్సులు ఎక్కడ ఆగవలెను అన్నవి ముందే తేల్చుకొంటారు. వీరే కదా మిగతా దినాలలో ఒకరి ఫైలు ఒకరికి చేరదని అనేవారు! తేడా ఏమంటే, జాతరకు తేదీ ఉన్నది. వచ్చిన జనం కంటికి కనబడతారు. లోపం జరిగితే మర్నాడే అడుగుతారు. వైద్యవిద్యకు కూడా జిల్లాలో ఒక తేదీల పట్టిక కావలెను. ఏ నెలలో ఏ బ్యాచి ఏ ఆరోగ్య కేంద్రానికి వెళ్తుంది, బండి ఎవరిది, డీజిలు ఎవరి పద్దు, అక్కడ పాఠం చెప్పేది ఎవరు, మార్కులు వేసేది ఎవరు అన్నవి సంవత్సరారంభంలోనే వ్రాసి సంతకాలు చేయవలెను. కలెక్టరు అధ్యక్షతన ప్రిన్సిపాలు, సూపరింటెండెంటు, జిల్లా వైద్యారోగ్య అధికారి, గిరిజనాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖల వారు మూడు నెలల కొకసారి కూర్చోవలెను. సంఘాలు మనకు ఇప్పటికే ఎక్కువ అని ఎవరైనా అంటే నేను కాదనను. అందుకే ఈ సంఘానికి కాస్త సొమ్ము, కాస్త అధికారం కూడా ఉండవలెనంటున్నాను. టీ త్రాగి లేచిపోయే సంఘం అక్కరలేదు.

ఆరోగ్య కేంద్రపు డాక్టరు ఇచ్చే మార్కులు విద్యార్థి అంతర్గత పరీక్షలో చేరవలెను. ఆ డాక్టరుకు కళాశాల తరఫున గౌరవ బోధకుడనే హోదా, గ్రంథాలయ ప్రవేశం, ఏడాదికి కొన్ని దినాల శిక్షణ ఇవ్వవలెను. ఇది చిన్న విషయంగా తోచవచ్చును. 1977 పథకం చెడినది ఈ చిన్న విషయం దగ్గరే.

పరదేశంలో ఇది చేసి చూపినవారున్నారు. థాయిలాండులో డాక్టర్లంతా బ్యాంకాకుకు చేరిపోతున్నారని గ్రహించి 1994లో అక్కడి ప్రభుత్వం ఒక ఉమ్మడి పథకాన్ని ఆమోదించినది. విశ్వవిద్యాలయాలను చూచే మంత్రిత్వ శాఖ, ప్రజారోగ్య మంత్రిత్వ శాఖ కలిసి నడిపే పథకం అది. గ్రామీణ జిల్లాల పిల్లలను ఎంపిక చేసి, మొదటి మూడేండ్లు విశ్వవిద్యాలయంలో శాస్త్రాలు చెప్పి, తరువాతి మూడేండ్లు వారి ప్రాంతపు పెద్దాసుపత్రిలో రోగుల నడుమ శిక్షణ ఇస్తారు. ఆసుపత్రి ప్రజారోగ్య శాఖది, పట్టా విశ్వవిద్యాలయానిది. ఈ దారిలో వచ్చిన డాక్టర్లు మామూలు దారిలో వచ్చిన వారికంటే గ్రామీణ ఆసుపత్రులలో ఎక్కువ కాలం నిలుస్తున్నారని అక్కడి పరిశీలనలు తెలిపినవి.

ఆ దేశంలో ఎంపిక దగ్గరనే పల్లెను తలచుకొన్నారు. మన దగ్గర స్థానికుడంటే రాష్ట్రమంతటికీ ఒకటే లెక్క. గంగారం మండలపు కోయబిడ్డా, హైదరాబాదు బిడ్డా నీట్ పరీక్షలో ఒకే గీత దగ్గర నిలబడతారు. గిరిజనులకు రిజర్వేషను ఉన్నది. అయినా మానుకోట కళాశాలలో మానుకోట పిల్లలు ఎందరుంటారన్నది చివరకు ఈ జిల్లా గురుకులాలలో భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు ఎట్లా చెబుతున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. వైద్యవిద్యా విధానంలో పాఠశాల విద్యా శాఖకు కూడా చోటు ఉన్నదని దీనివల్ల తేలుతున్నది. కళాశాల విద్యార్థులు ఆదివారాలు గురుకులానికి వెళ్ళి పాఠాలు చెప్పినా అదీ ఒక పొత్తే.

పెద్ద చదువుల విషయంలో కొన్ని అడుగులు పడినవి. పోస్టుగ్రాడ్యుయేటు విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రులలో పని చేయవలెననే జిల్లా రెసిడెన్సీ నియమం 2020లో వచ్చినది. ప్రభుత్వ సేవలో ఉన్న డాక్టర్లకు పెద్ద చదువులలో ప్రత్యేకంగా సీట్లు కేటాయించే అధికారం రాష్ట్రాలకు ఉన్నదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఆగస్టు 31న తీర్పు చెప్పినది. కురవి వంటి చోట ఏండ్ల తరబడి పని చేసే డాక్టరుకు ఇది ఊరట. పల్లె సేవ తన చదువుకు అడ్డు కాదు, దారి అని అతనికి తెలియాలి.

2022లో మానుకోటలో చేరిన తొలి బ్యాచికి నాలుగున్నరేండ్ల చదువు లెక్క ప్రకారం 2027లో పూర్తవుతుంది. ఆపైన ఒక సంవత్సరం హౌస్ సర్జన్లుగా పని చేయవలెను. అందులో పన్నెండు వారాలు సామాజిక వైద్యానికి కేటాయించినవి. ఆ వారాలలో వారు మండల ఆరోగ్య కేంద్రాలకు వస్తారు. ఆడపిల్లలు కూడా వస్తారు. రాత్రి వేళ కాన్పు కేసు వస్తే వారు అక్కడే ఉండవలెను. ఉండడానికి రెండు గదులు, స్నానాల గది, తలుపుకు గట్టి గడియ, వంట చేసి పెట్టే ఒక మనిషి కావలెను. ఆ గదులు కట్టవలసినది ప్రజారోగ్య శాఖయా, కళాశాలయా, పంచాయతీయా అన్నది ఇప్పుడే తేల్చుకొంటే వారు వచ్చే నాటికి తాళంచెవి సిద్ధంగా ఉంటుంది.